రైఫిల్ కొన్న నెల

సెప్టెంబర్ 3, బుధవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి కారు డీలరు ఇచ్చింది. ఇన్నాళ్ళూ వంటింటి సొరుగులో కూపన్ల కింద పడి ఉంది. ఉదయ్ అలబామా ప్లాంటుకి వెళ్ళిన వారం నాకు మాట్లాడే మనిషి ఉండడు. మాట్లాడకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. అందుకని ఇవాళ దీన్ని బయటికి తీశాను. క్రిస్మస్ దాకా ఇంతే, వారం విడిచి వారం మొగుడు అక్కడ, నేనూ దియా ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో.

అసలు సంగతి రాయాలి. శనివారం మా వెనక వీధిలో జ్ఞానప్రసూన ఆంటీ వాళ్ళింట్లో దొంగలు పడ్డారు. ఆంటీ, ఆంజనేయప్రసాద్ అంకుల్ ట్రాయ్‌లో ఎవరిదో షష్టిపూర్తికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వెనక అద్దాల తలుపు ముక్కలు ముక్కలు. నగలు బియ్యం డబ్బా అడుగున దాచారట ఆవిడ. దొంగలు బెడ్‌రూమ్ వైపు పోలేదు, టీవీ ముట్టుకోలేదు, సరాసరి వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా బోర్లించారు. మనవాళ్ళు బంగారం ఎక్కడ పెడతారో అమెరికా దొంగలు కూడా చదువుకుని వస్తున్నారు! "సోనా మసూరి అమ్మాయ్, కొత్త బస్తా, మొత్తం నేలపాలు చేసేశారు" అని ఆంటీ ఫోన్లో ఒకటే ఏడుపు. నగల మాట ఆ తర్వాత ఎత్తారు.

నాకేం భయం లేదు. మా నగలు బ్యాంకు లాకర్లో ఉన్నాయి. భయం దియకి పట్టుకుంది. నిన్న పడుకోబోయే ముందు తలగడ చంకలో పెట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. "అమ్మా, నాకు స్కేరీగా ఉంది. నీ రూమ్‌లో పడుకోనా?" అంది. వచ్చే నెలకి పదేళ్ళు నిండుతాయి, అయినా పిల్ల పిల్లే కదా. రావే అన్నాను. పాపం.

సెప్టెంబర్ 4

గరాజ్ తలుపు పడిందో లేదో మళ్ళీ మళ్ళీ చూసొచ్చాను. దియ కోసం.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఉదయ్ వచ్చాడు. పొద్దున కాఫీ దగ్గర చెప్పేశాను, మనం రైఫిల్ కొంటున్నామని. కాఫీ సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"నీహా, నీకేమైనా పిచ్చా? బాత్రూమ్‌లో సాలీడు కనబడితే నన్ను కేకేస్తావు నువ్వు."

"సాలీడు వేరు, దొంగ వేరు."

"అలారం పెట్టిద్దాం. కెమెరాలు పెట్టిద్దాం. పోనీ కుక్కని తెచ్చుకుందాం."

"కుక్కని ఎవరు చూస్తారు? నువ్వా, అలబామా నుంచి?"

చొక్కా తుడుచుకోవడానికి లేచాడు. అలారం ఆంటీ వాళ్ళింట్లోనూ ఉంది. వ్రతం రోజున సాంబ్రాణి పొగకి మోగిందని వైరు పీకేశారు. ఇక కెమెరా అంటారా, దొంగ మొహం చూసి నేనేం చేసుకోను, సంబంధం కలుపుకుంటానా?

ఆఫీసులో నా పక్క సీటతను జింకల సీజన్ వస్తే సెలవు పెట్టి తుపాకీ భుజాన వేసుకుని పోతాడు. ఎవరూ నోరెళ్ళబెట్టరు. మేం సిటిజన్లమై రెండేళ్ళు దాటింది. ఒంగోలు ఆడది కొంటానంటేనే ఇంత గోల.

ధర మాత్రం ఎక్కువ పెట్టను. ఉదయ్ ముచ్చటపడి కొని ఇప్పుడు బట్టలారేసుకుంటున్న ట్రెడ్‌మిల్ కన్నా తక్కువలో రావాలి. "నా కోసమా ఏంటి, దియ కోసం" అన్నాను. ఉదయ్ దియ వంక చూశాడు. అది సీరియల్ గిన్నెలోంచి తలెత్తి నా మొహం చూసి, "అమ్మ హ్యాపీ అయితే ఓకే" అంది. బంగారు తల్లి.

సెప్టెంబర్ 13, శనివారం

తుపాకుల షాపుకి వెళ్ళాం. నేనేదో చీకటి గుయ్యారం అనుకున్నాను. సూపర్ మార్కెట్‌లా వెలిగిపోతోంది, గుమ్మంలో పాప్‌కార్న్ కూడా పెట్టారు. కౌంటరు వెనక గ్యారీ అని ఒక గడ్డమాయన. ఏం కావాలి సర్ అని ఉదయ్‌ని అడిగాడు. ఉదయ్ నాకు రెండడుగులు వెనక్కి జరిగి, వేలితో నన్ను చూపించాడు. ఓహో, లేడీకా అని గ్యారీ లోపలికి వెళ్ళి గులాబీ రంగు రైఫిల్ ఒకటి పట్టుకొచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. "రంగు సంగతి తర్వాత. వెయ్యిసార్లు కాలిస్తే లోపల గుండు ఎన్నిసార్లు ఇరుక్కుంటుంది? ఆ లెక్క ఉందా?" అన్నాను. నేను సీటు బెల్టు బకిల్స్ టెస్ట్ చేసే మనిషిని. రోజూ పొద్దస్తమానం అవి ఎప్పుడు ఊడతాయా, ఎప్పుడు ఇరుక్కుంటాయా అని చూడటమే నా ఉద్యోగం. గ్యారీ గులాబీది లోపల పెట్టేసి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మర్యాదగా మాట్లాడాడు.

నేనడిగింది సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది, తర్వాతది తనే ఎక్కించుకుంటుంది. అందరూ కొనే నల్లటి పెద్దది చౌకలోనూ దొరుకుతోంది. కానీ దాని గుండు గోడల్ని దాటుకుని పోతుందట. పిస్తోలు గుండ్లు పట్టే చిన్న రైఫిల్ ఇంకొకటి ఉంది. ధర తక్కువ, చప్పుడు తక్కువ, భుజం మీద తన్నడం కూడా తక్కువ. అదైనా ఇక్కడి అట్ట గోడల్ని దాటేస్తుందని గ్యారీ ముందే చెప్పాడు. ఏది కొన్నా ముందు మీ గోడ అవతల ఏముందో చూసుకోండమ్మా అన్నాడు.

ఇంటికొచ్చి చూసుకున్నాను. నా మంచం దగ్గర నిలబడి గుమ్మం వైపు గురిపెడితే ఆ గోడ అవతల దియ గది.

అందుకే అది నా పక్కనే పడుకోవాలి. ఇంకేం కావాలి కారణం?

సెప్టెంబర్ 14

దియ పుట్టినరోజు అక్టోబర్ 11. కేకు ఏం కావాలే అంటే కేకు సంగతి వదిలేసి, ఫ్రెండ్స్ వచ్చి రాత్రి ఉండిపోవాలంది. "స్లీపోవర్ అమ్మా. నా రూమ్‌లో. నా రూమ్‌లోనే." గుండమ్మలా నడుం మీద చేతులేసుకుని మరీ చెప్పింది. సరే అన్నాను. అప్పటికి ఇంట్లో రైఫిల్ ఉంటుంది, నిశ్చింత.

సెప్టెంబర్ 17, బుధవారం

ఉదయ్ అలబామాలో. లంచ్ టైములో వీడియోలు చూసి చూసి తేల్చుకున్నాను, ఆ చిన్నదే. ఇరుక్కోవడం తక్కువ, శుభ్రం చేసుకోవడం తేలిక. వంటింటి మిక్సీ కొనడానికి ఇంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది నాకు.

దియ నిద్రలో కాళ్ళతో తంతుంది. నా పక్కటెముకలు హూనం. అయినా పక్కన ఉంటే హాయిగా ఉంటుంది. దానికి.

సెప్టెంబర్ 20, శనివారం

కొనేశాం! కాగితాలు నింపాను, నా వివరాలు ఎక్కడికో పంపి చూశారు, ఉదయ్ రెండో గిన్నె పాప్‌కార్న్ ముగించేలోపు సరేనన్నారు. నచ్చకపోతే ఎన్నాళ్ళలో వెనక్కివ్వచ్చని అడిగాను. ఒకసారి గుమ్మం దాటితే మేం వెనక్కి తీసుకోం అని గ్యారీ అన్నాడు. అందరూ అలాగే అంటారు. పరుపుల షాపువాడూ అన్నాడు. ఏడాది పడుకున్న పరుపు తిరిగిచ్చి డబ్బు తెచ్చుకున్న వంశం మాది. రసీదు జాగ్రత్తగా పర్సులో పెట్టాను.

పిల్లలున్న ఇంట్లో తాళం వేసి ఉంచాలని ఇక్కడ చట్టం. దాని కోసం ఒక ఇనప సేఫు కొనాల్సి వచ్చింది. దియ అంత ఎత్తుంది, రైఫిల్ కన్నా ఖరీదు. ఉదయ్ నవ్వాపుకోలేక కార్లో స్టీరింగ్ మీద వాలిపోయాడు. నవ్వుకోనీ.

సెప్టెంబర్ 21, ఆదివారం

షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాల్చాను. నిజం చెప్పాలంటే మహా సరదాగా ఉంది. మొదటిది సీలింగ్ మీదికి పోయిందేమో అనుకున్నా, గురి కాగితం మూలకి తగిలింది. ఆ తర్వాతవన్నీ మధ్యలోకే. పక్క వరసలో ఉన్న తాతగారు చప్పట్లు కొట్టారు. ఉదయ్ చెవులకి పెట్టుకున్నవి చాలక పైన చేతులతో కూడా మూసుకుని, కళ్ళు కూడా మూసుకున్నాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఉదయ్ పీకేశాడు. మళ్ళీ అంటించాను.

సెప్టెంబర్ 24

ఇవాళ ఇంటి నుంచే పని. దియ స్కూల్లో ఉంది. కింద తలుపు దగ్గర చప్పుడైంది. ఒక్క ఉదుటున మా గదిలో బట్టల క్లోజెట్‌లోకి దూరి సేఫు నంబర్లు నొక్కాను. తప్పు. మళ్ళీ నొక్కాను. తప్పు. ఎర్ర లైటు వెలిగి కాసేపు ఆగమంది. తెరుచుకునేసరికి చప్పుడు చేసిన పార్సిల్ కుర్రాడు అట్టపెట్టె గుమ్మంలో పెట్టేసి వీధి మలుపు తిరిగిపోయాడు. నిజం దొంగైతే "అన్నా, ఒక్క నిమిషం కూర్చో" అనాలేమో.

ప్రాక్టీసు చేయాలి, అంతే. భయం వల్ల కాదు, అలవాటు లేక.

సెప్టెంబర్ 27, శనివారం

నవరాత్రి పేరంటం పెట్టుకున్నాను. ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళు, పట్టుచీరలు, శనగలు, నవ్వులు. ప్రాణం లేచొచ్చింది. రైఫిల్ గురించి ఒక్కరికీ చెప్పకూడదని ఉదయ్ ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు. చెప్పాల్సి వచ్చింది.

మనవాళ్ళు ఇంటికొస్తే ఇల్లు చూపించాలి కదా. హాల్లో కూర్చోబెట్టి పంపేస్తే ఏం దాస్తోందో అనుకుంటారు. "నీహారికా, మీ ఇల్లు చూడనేలేదమ్మా" అని ఇద్దరు కొత్తవాళ్ళు అన్నారు. బయల్దేరాను. వెనక జ్ఞానప్రసూన ఆంటీ, ఆవిడ వెనక సాయి ప్రియ. అది దియ ప్రాణస్నేహితురాలు నైనిక వాళ్ళమ్మ, నాకు ఇక్కడ అక్కచెల్లెలి లాంటిది అదొక్కతే. బేస్‌మెంటు, వంటగది, పూజ గది, పిల్ల గది, చివరికి మా గది, బాత్రూమ్ టైల్స్. క్లోజెట్ తలుపు తీసేదాకా నాకు గుర్తే లేదు.

"అబ్బో, ఇదేంటమ్మాయ్, ఇంత సేఫు?" అన్నారు ఆంటీ.

"సామాన్లాంటీ. స్పానర్లూ అవీ."

"స్పానర్లకి నంబర్ల తాళమా?" ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మొత్తం ఇంట్లోనే పెట్టేసుకున్నావా? ఇంత బంగారం ఎప్పుడు చేయించావే?"

ఆంటీ ఇంట్లో దొంగలు పడ్డ కథ ఇద్దరు దొంగలతో మొదలై ఇప్పుడు వ్యాన్‌లో వచ్చిన ముఠా దాకా పెరిగింది. నా ఇంట్లో మనిషెత్తు బంగారం ఉందని ఆవిడ నోట పడితే సోమవారానికల్లా వేరే రాష్ట్రంలో ఉన్న నేపర్‌విల్ మనవాళ్ళ దాకా పాకుతుంది. బంగారమనుకోవడం కన్నా తుపాకీ అనుకోవడమే నయం.

"బంగారం కాదాంటీ, గన్" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. నవ్వారు. అందుకని తెరిచి చూపించాను. ఈసారి నంబర్లు మొదటి దెబ్బకే పడ్డాయి, ఏం చెప్పను. గుండ్లు లేవు, వేరే పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. అందరూ "అమ్మో అమ్మో" అంటూ ఇంకా దగ్గరికొచ్చారు. ఒకావిడ దీని ఖరీదెంత, కూపన్ ఉందా అని అడిగింది. ఆంటీ చేతిలో కుంకుమ భరిణె ఉంది కదా, ఆయుధం కదమ్మా, నవరాత్రులు కదా అంటూ సేఫు తలుపుకి నిలువునా బొట్టు పెట్టేశారు. సాయి ప్రియ ఒక్కతే గుమ్మంలోనే నిలబడింది. నేను చూస్తే చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

నన్నిప్పుడు ఫోన్లో మా ఆడవాళ్ళ గ్రూపులో "గన్ నీహారిక" అంటున్నారు. కొంచెం సిగ్గుగా, ఎక్కువ గర్వంగా ఉంది. ఉదయ్‌కి చెప్పలేదు.

సెప్టెంబర్ 28

ఉదయ్‌కి తెలిసిపోయింది. బొట్టు చూశాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

దియ స్లీపోవర్‌కి పిలుపులు పంపి వారమైంది. ముందు జవాబిచ్చింది దాని క్లాసులో ఎమ్మా వాళ్ళమ్మ. మీ ఇంట్లో తుపాకులు ఉన్నాయా, ఉంటే తాళం వేసి ఉంచుతారా అని మొహమాటం లేకుండా అడిగేసింది. ఉంది, తాళంలోనే ఉంటుందని రాశాను. థాంక్యూ, ఎమ్మా వస్తుందంది. ఇంత మొహం మీద అడుగుతారా అనిపించింది.

మనవాళ్ళు ఎవరూ అడగలేదు. ఒకమ్మాయికి జలుబు. ఒకమ్మాయికి ఆ రోజు డాన్స్ క్లాసు, మర్నాడు కూడా డాన్స్ క్లాసు. ఇంకో అమ్మాయికి వచ్చే శనివారానికి జ్వరం వస్తుందని వాళ్ళమ్మకి ఇప్పుడే తెలిసిపోయింది. నైనికకి ఏమైందో సాయి ప్రియ ఇంకా చెప్పలేదు.

దియ తన గదిలో అందరికీ పక్కలు వేసి పెట్టింది. ఒక్కో తలగడ మీద ఒక్కో పేరు.

"అమ్మా, ఎంతమంది వస్తున్నారు?"

"వస్తారే, ఇంకా టైముంది."

అక్టోబర్ 5, ఆదివారం

ఇండియన్ స్టోర్ ముందు సాయి ప్రియని పట్టుకున్నాను. కరివేపాకు సంచితో కారెక్కబోతోంది.

"నైనికకి ఏం రోగం చెప్పబోతున్నావే నువ్వు?" అన్నాను.

అది సంచి కార్లో పెట్టి నా వైపు తిరిగింది. "ఏ రోగం లేదు నీహా. నీతోని అబద్ధం ఆడబుద్ధైత లేదు. గన్ ఉంది గదా, అందుకే పంపుత లేను. ఏమనుకోకు."

"తాళంలో ఉందే! బుల్లెట్లు వేరే ఉన్నాయి! నువ్వు చూశావు!"

"చూసిన. నువ్వు అందరి ముంగట తాళం తీసుడు గూడ చూసిన."

అరిచాను. ఉదయ్ ఊళ్ళో లేనప్పుడు నీకు తెలియదే, నీ మొగుడు రోజూ ఇంటికొస్తాడు, నా పిల్ల భయంతో నా పక్కలో పడుకుంటోంది, దాని కోసం కాకపోతే నాకెందుకే ఈ గోల అని పార్కింగ్ లాట్ అదిరిపోయేలా అరిచాను. ఎవరో ఉల్లిపాయల బస్తాతో ఆగి చూశారు.

సాయి ప్రియ ఎదురు అరవలేదు. కారు తలుపు వేసి నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పొద్దని నైనిక నాతోని ఒట్టేయించుకుంది. అయినా చెప్తున్న. దియకు భయం లేదట నీహా. 'మా అమ్మకు భయం, నేను పక్కల ఉంటే పడుకుంటది, అందుకే నాకు స్కేరీ అని చెప్పి పోతున్న' అని నైనికకు చెప్పిందట. అమ్మకు తెలిస్తే ఫీలయితది, ఎవరికీ చెప్పకు అన్నదట."

కారు ఎక్కి ఇంటికొచ్చాను. కరివేపాకు కొనడం మర్చిపోయాను.

అక్టోబర్ 6

దియకి భయం లేదట.

అక్టోబర్ 7

ఆఫీసులో బకిల్స్ టెస్టు. అన్నీ పాసయ్యాయి. లంచ్‌లో బాత్రూమ్‌కి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ టెస్టు చేశాను. అవీ పాసయ్యాయి.

తొమ్మిదేళ్ళ పిల్ల. దాని గది, దాని మంచం, గోడ మీద దాని నక్షత్రాలు, అన్నీ వదిలేసి నెల రోజులుగా, ఉదయ్ లేని రాత్రులన్నీ నాకు కాపలా కాస్తోంది. నేనేమో దాని గది వైపు గురిపెట్టుకుని చూసుకున్నాను. నా మీద నాకే ఎంత కోపంగా ఉందంటే, పళ్ళెం కడుగుతూ పగలగొట్టాను.

అక్టోబర్ 8, బుధవారం

రసీదు తీసుకుని షాపుకి వెళ్ళాను. ఉదయ్ వస్తానన్నాడు, వద్దన్నాను. రిటర్న్ చేయాలి అంటే గ్యారీ ముందు మర్యాదగా నవ్వాడు, తర్వాత లోపల ఉన్న ఇద్దర్ని పిలిచి మరీ నవ్వాడు. గుమ్మం దాటితే సెకండ్ హ్యాండేనట, కారుకన్నా అన్యాయం. మేనేజర్ని పిలవమన్నాను. నేనే మేనేజర్ అన్నాడు. నెల కూడా కాలేదు, ఒక్క రోజే కాల్చాను, మధ్యలోకే కాల్చాను అని వాదించాను. చివరికి సెకండ్ హ్యాండ్‌గా కొనుక్కుంటానన్నాడు. ఆ పేరు చెప్పి ఇస్తానన్న డబ్బుకి ఏడుపొచ్చింది. బేరం చేశాను. ఇంకా చేశాను. కొంచెం పెంచి, షాపు పేరున్న టోపీ ఒకటి ఊరికే ఇచ్చాడు. సేఫు మాత్రం వద్దన్నాడు.

ఎందుకమ్మేస్తున్నావని అడిగాడు. గోడ అవతల మా అమ్మాయి ఉందన్నాను. ఇంకేం అడగలేదు.

రాగానే గ్రూపులో పెట్టాను. "మా ఇంట్లో ఇప్పుడు తుపాకీ లేదు. అమ్మేశాను. సేఫులో పప్పులు పోసుకుంటున్నాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. శనివారం దియ పుట్టినరోజు. పిల్లల్ని పంపండి, ప్లీజ్." ఈ చివరి మాట రాయడానికి నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలుసు.

రాబోయే జ్వరాలన్నీ గంటలో తగ్గిపోయాయి. డాన్స్ టీచర్‌కి హఠాత్తుగా పనిపడింది. అందరికన్నా ముందు సాయి ప్రియ జవాబిచ్చింది, నైనిక వస్తుంది, తను కూడా పొద్దున్నే వచ్చి పెసరట్లు వేస్తానని.

అక్టోబర్ 12, ఆదివారం

ఇంటి నిండా పిల్లలు! దియ గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఉదయ్ కథ చెప్పబోతే "అంకుల్, ఇట్స్ ఓకే" అని తలుపు వేసేశారు. పొద్దున పెసరట్లు పెనం మీద నుంచి దిగకముందే మాయం. ఎమ్మా అల్లప్పచ్చడి తిని ఎర్రగా అయిపోయి ఇంకొంచెం వేయమంది. సాయి ప్రియా నేనూ పార్కింగ్ లాట్ మాటే ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు నా జడ పట్టుకుని ఒక్కసారి లాగింది. అంతే, అయిపోయింది.

దియతో నేనేమీ అనలేదు. రహస్యం దాన్నే దాచుకోనీ.

అక్టోబర్ 14, మంగళవారం

నిన్న ఉదయ్ వెళ్ళాడు. పడుకునే వేళకి దియ వచ్చింది, తలగడతో సహా. "నాకు స్కేరీగా ఉంది" అని ఆవులిస్తూ చెప్పింది. ఆ ఆవులింత నాకు ఇన్నాళ్ళూ ఎలా కనబడలేదో! నీ గదిలో పడుకోవే కన్నా, నాకు ఫర్వాలేదు అన్నాను. "ష్యూర్?" అని తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

నాకు నిద్ర పట్టలేదు. ఒక్క రెప్ప పడలేదు. భయం నాకే. మొదటినుంచీ నాకే. రాసి చూసుకుంటే ఇంతే ఉంది.

మధ్యాహ్నం జ్ఞానప్రసూన ఆంటీ ఫోన్ చేశారు, రైఫిల్ అమ్మినందుకు అభినందనలు చెప్పి, ఎంతకమ్మావని ఆరా తీయడానికి. ఆవిడ ఆగితే కదా. మధ్యలోనే అనేశాను. "ఆంటీ, నాకు భయంగా ఉంది. ఉదయ్ లేడు. రాత్రికి తోడు పడుకోవడానికి వస్తారా?"

ఈ మాట అన్నది నేనేనా అనిపించింది. ఊళ్ళో అయితే పక్కింటి వాళ్ళని ఎంత తేలిగ్గా అడిగేవాళ్ళం. ఇక్కడికొచ్చాక దీనికి రైఫిల్ దాకా పోయాను.

ఆంటీ అమ్మిన ధర సంగతి అక్కడితో వదిలేశారు. నాకు తెలిసి ఆవిడ ఆరా మధ్యలో వదిలేయడం అదే మొదలు.

"నాకూ నిద్ర లేదు అమ్మాయ్" అన్నారు. "దొంగలు పడ్డప్పటి నుంచీ అంతే. మీ అంకుల్ చెవి మిషను తీసి పక్కన పెట్టారంటే ఇల్లు కూలినా లేవరు. ఎవరికి చెప్పుకోను? అందరి దగ్గరా ముఠా కథలు చెప్పి నవ్విస్తున్నాను గానీ, చీకటి పడితే ఆ వంటింట్లోకి మంచినీళ్ళకి కూడా వెళ్ళడం లేదు."

భోజనాల వేళకి వచ్చేశారు. ఇద్దరూ వచ్చారు, అంకుల్‌ని ఒంటరిగా వదలలేనన్నారు ఆంటీ. రెండు దుప్పట్లు, ఆవకాయ సీసా, అంకుల్‌కి అలవాటైన స్టూలు. దియ వాళ్ళని చూసి, నన్ను చూసి, "ఆంటీ డైలీ వస్తారా?" అంది. మీ నాన్న లేనప్పుడల్లా అన్నాను. గెంతుకుంటూ తన గదికి పోయింది.

అక్టోబర్ 15

ఆంటీ గురక పెడతారు. దొంగలు ఆ గురక వింటే ముఠాతో సహా పారిపోతారు. హాయిగా నిద్రపోయాను.

అక్టోబర్ 16, గురువారం

సాయంత్రం పెద్ద గాలివాన. నేనూ ఆంటీ వంటింట్లో దొండకాయలు తరుగుతున్నాం, అంకుల్ హాల్లో పేపరు చదువుతున్నారు. ఫట్‌మని కరెంటు పోయింది. వెనక పెరట్లో ఏదో కొమ్మ విరిగి డెక్ మీద పడింది, ఇల్లంతా కదిలినట్టయింది.

పైన దియ తన గదిలో ఉంది. కెవ్వుమని ఒక్క కేక. మెట్లు ఎలా దిగిందో తెలియదు, చీకట్లో వచ్చి నా నడుము చుట్టేసింది. తలగడ లేదు, ఆవులింత లేదు, కాళ్ళకి సాక్సు కూడా లేవు. గోళ్ళు నా వీపులో దిగబడ్డాయి. దాని గుండె నా పొట్ట మీద టకటకా కొట్టుకుంటోంది. "అమ్మా, నాకు భయమేస్తోంది" అంది. ఏడుస్తోంది.

"నేనున్నానుగా" అన్నాను. దాన్ని ఎత్తుకున్నాను. బరువెక్కింది, నడుం పట్టేసింది, అయినా దించలేదు. మెడ మీద మొహం పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నెమ్మదిగా ఊపిరి కుదుటపడింది. ఈసారి వచ్చింది నా కోసం కాదు, తన కోసమే.

ఆంటీ సొరుగులో కొవ్వొత్తి కోసం తడుముకుంటూ, "ఏమైందమ్మాయ్, పిల్ల హడలిపోయిందా?" అన్నారు.

"అవునాంటీ, బాగా హడలిపోయింది" అన్నాను. నా గొంతులో సంతోషం విని, ఈ చీకట్లో నాకేదో పట్టిందని ఆవిడ అనుకుని ఉంటారు.